పక్క సీటు బ్రేకు

మా కారుకి రెండు బ్రేకులుండేవి. ఒకటి అందరి కార్లలో ఉన్నట్టే డ్రైవరు కాళ్ళ దగ్గర, రెండోది పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర. డ్రైవింగ్ స్కూలు బళ్ళన్నీ అలాగే ఉంటాయి. నేర్చుకునేవాడు కంగారుపడి ఒకటి తొక్కబోయి ఇంకోటి తొక్కితే, నేర్పేవాడు తన బ్రేకు తొక్కి ఇద్దర్నీ కాపాడతాడు. మా మామయ్య నలభై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపారు. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే కాబట్టి ఊరంతా ఆయన్ని మాస్టారనే అంటుంది. స్కూలు మూసేసినప్పుడు బల్లలు, బోర్డులు, మిగతా బళ్ళు అన్నీ అమ్మేసి ఈ ఒక్కదాన్నీ ఇంటికి తెచ్చుకున్నారు. తలుపుల మీద స్కూలు పేరు కనపడకుండా రంగు వేయించారు గానీ, ఎండ ఏటవాలుగా పడితే ఆ రంగు కింద నుంచి అక్షరాలు తొంగిచూసేవి.

కళ్ళకి ఆపరేషన్ అయ్యాక ఆయన నడపడం మానేశారు. మానేసిన కొత్తలో నెల రోజులపాటు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పేపరు ముందు పెట్టుకుని కూర్చునేవారు, పేజీ తిరిగేది కాదు. ఒకరోజు మావారు ఆయన్ని బ్యాంకుకి తీసుకెళ్తూ పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నారు. చౌరస్తా దగ్గర మామయ్య టక్కున బ్రేకు తొక్కి, "కళ్ళు నెత్తిన పెట్టుకుని నడుపుతున్నావేంట్రా!" అని అరిచారట. ఆ అరుపుతో మనిషి మళ్ళీ మామూలు మనిషయ్యారు. ఆ రోజు మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. అప్పట్నుంచీ బండి ఎవరు తీసినా, ఎక్కడికి తీసినా, ఆయన పక్క సీట్లో ఉండాల్సిందే. ఆ సీటే ఆయనకి ఉద్యోగం.

ఆ ఏడు వానలు మొదలైన వారానికే మావారు పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో ఆర్డర్లు తగ్గిపోయాయి. వారానికి మూడు రోజులే రమ్మన్నారు. అదే వారం నాకు మా లాండ్రీలో ప్రమోషన్ ఇస్తామన్నారు. నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే సెక్షన్లో పనిచేసేదాన్ని. ఉదయం షిఫ్టు సూపర్‌వైజరు రిటైరవుతోంది, వానలు తగ్గాక ఆ కుర్చీ నీదే అన్నారు. చిక్కల్లా ఒక్కటే. ఐదు గంటలకల్లా మొదటి విడత దుప్పట్లు మిషన్లో పడాలి. మా వీధికి మొదటి బస్సు ఆరింటికి.

"అంటే నువ్వు డ్రైవింగ్ నేర్చుకోవాలి. కారు కావాలి, కానీ ఈ కారు వద్దు," అన్నారు మావారు, రాత్రి భోజనాల దగ్గర. చేతిలో కాగితం, చెవి మీద పెన్సిలు. "ఈ బండి పెట్రోలు తాగట్లేదు, పెట్రోలుతో స్నానం చేస్తోంది. పాత బళ్ళ యార్డు వాడితో మాట్లాడాను. ఇది ఇచ్చేస్తే చిన్న బండి ఇస్తాడు. పైన కట్టాల్సింది కొంచెమే. నెల తిరిగేసరికి పెట్రోలు ఖర్చు సగం మిగులుతుంది. కాకపోతే వానాకాలం అయ్యేదాకానే ఈ ధర అన్నాడు."

"మరి రెండో బ్రేకు?" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆ మాట అక్కడ పడకుండా ఉండాల్సింది. మామయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"నాదేముంది. బండి మీది, నడిపేది మీరు. ఇచ్చెయ్యండి," అని చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని, వానలో వెళ్ళి కార్లో కూర్చున్నారు.

అత్తయ్య కంచంలోంచి తల ఎత్తకుండానే, "అలిగారు," అంది. "ఇప్పుడే టీ తీసుకెళ్తే పుచ్చుకుంటారు. పది నిమిషాలాగితే పుచ్చుకోరు."

నేనే తీసుకెళ్ళాను. ఆయన పక్క సీట్లో కూర్చుని చీకట్లో అద్దం మీద వాన చూస్తున్నారు. టీ అందుకుని, ఒక గుక్క తాగి, "అమ్మాయ్, అటు ఎక్కు," అన్నారు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి.

"నీకు నడపడం వచ్చేదాకా వీడు బండి మార్చడుగా?"

"నేర్చుకోవడానికి ఇదే మంచిదంటాను," అన్నాను.

"మరి కొంచెం నిదానంగా నేర్చుకో," అన్నారాయన. అలా అత్తారింట్లో నాకు మొట్టమొదటి కుట్ర భాగస్వామి దొరికారు.

నిజం చెప్పొద్దూ, నాది పూర్తిగా ఆయన మీద ప్రేమ కాదు. ఆ బండి పోతే ఆయన మళ్ళీ పేజీ తిరగని పేపరు ముందు కూర్చుంటారని భయం ఒకటైతే, రెండో బ్రేకు లేని బండి నేను చచ్చినా నడపలేనన్న భయం ఇంకోటి. ఏది ఎక్కువో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేదాన్ని.

*

రోజూ షిఫ్టు అయ్యాక సాయంత్రం నాకు పాఠం. మామయ్య పక్క సీట్లో, కుడి చెయ్యి మా ఇద్దరి మధ్య ఉన్న హ్యాండ్‌బ్రేకు మీద. అత్తయ్య వెనక సీట్లో. ఆవిణ్ణి ఎవరూ రమ్మనలేదు. "ఒక్కదాన్నీ ఇంట్లో ఏం చెయ్యను, పోతే ముగ్గురం కలిసే పోదాం," అని ఎక్కేసింది.

మొదటి రోజు బండి గేటు దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇంజను ఏడుసార్లు ఆగిపోయింది. ఎదురింటి డాబా మీద బట్టలు తీస్తున్నావిడ తీయడం ఆపి పిట్టగోడకి ఆనుకుని నిలబడింది.

"క్లచ్చిని కోపంలా చూడు," అన్నారు మామయ్య. "ఉన్నపళాన వదిలేస్తే కొంప మునుగుతుంది. మెల్లమెల్లగా వదలాలి."

"నాకు కోపం కూడా అలా వదలడం రాదు మామయ్యా."

"అది మావాడు చెప్పాడు," అన్నారాయన, మొహంలో ఏ భావమూ లేకుండా.

వీధి చివర ఒక సైకిలు అడ్డం వచ్చింది. నేను చూసేలోపే మామయ్య కాలు కింద టక్‌మని చప్పుడైంది, బండి కుదుపుతో ఆగింది. సైకిలతను మాకేసి చూసి, పక్క సీట్లో ఎవరున్నారో గుర్తుపట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఒకటి," అంది అత్తయ్య వెనక నుంచి.

అప్పట్నుంచీ ఆవిడ లెక్క పెట్టేది. ఇంటికి రాగానే మావారి మొదటి ప్రశ్న, "ఇవాళ నాన్న ఎన్ని తొక్కారు?" అనే. మొదటి రోజు పదహారు. రెండో రోజు పంతొమ్మిది, ఎందుకంటే వాన ఎక్కువ. వారం తిరిగేసరికి పదికి దిగింది. మావారు ఆ అంకె విన్నప్పుడల్లా తృప్తిగా తల ఆడించేవారు. ఆయనకి నా చదువు ముందుకెళ్తున్నట్టు లెక్క. నాకూ మామయ్యకీ మాత్రం అది దిగుతుంటే బెంగగా ఉండేది. ఒకరోజు నాలుగే వచ్చాయి. మామయ్య ఇంటి ముందు దిగబోతూ, "రేపు కొంచెం సంత వైపు తీసుకెళ్దాం. అక్కడ రద్దీ ఉంటుంది," అన్నారు. సంత వైపు వెళ్తే పన్నెండు వచ్చాయి. ఇద్దరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

ఆయన పాఠం చెప్పే తీరే వేరు. "చూడు" అనరు, "ఏం కనిపిస్తోంది?" అంటారు. "లారీ," అంటాను. "లారీ ముందు?" "కనపడట్లేదు." "కనపడని చోటే నీ పని," అంటారు. గోతుల్లో నీళ్ళు నిలిచి ఉంటే ముందు వెళ్ళే బండి చక్రాలు ఎంత మునుగుతున్నాయో చూడమంటారు. స్కూలు బస్సు ఆగితే దాని కింద నుంచి కాళ్ళు కనిపిస్తున్నాయేమో చూడమంటారు. నెల తిరిగేసరికి నాకు తెలియకుండానే లాండ్రీలో కూడా అదే చూపు వచ్చేసింది. బట్టల బండ్లు మలుపు తిరగబోతుంటే ముందే పక్కకి జరిగేదాన్ని. "నీకు వెనకాల కూడా కళ్ళు మొలిచాయా?" అని రిటైరయ్యే సూపర్‌వైజరు నవ్వింది.

ఇంట్లో మాత్రం యుద్ధమే. మావారు కాగితం తెస్తే నేను నోరు తెచ్చేదాన్ని.

"పెద్ద బండి అయితే వానలో నిలబడుతుంది," అనేదాన్ని.

"చిన్న బండి అయితే ఇరుకు సందుల్లో దూరుతుంది," అనేవారు.

"దీనికి అలవాటు పడ్డాను."

"ఐదు వారాల అలవాటు! నేను పాతికేళ్ళ నుంచి పడుతున్నా." అప్పుడాయన గొంతు తగ్గించి, వంటింటి తలుపు దగ్గరగా వేశారు. "నీకొక మాట చెప్పనా? ఆయన పక్కన కూర్చుంటే నాకు ఇప్పటికీ పరీక్ష రాస్తున్నట్టే ఉంటుంది. నలభై ఆరేళ్ళొచ్చాయి. ఒక్కసారైనా మా ఆవిణ్ణి ఎక్కించుకుని, నా ఇష్టం వచ్చిన చోట నేనే బ్రేకు తొక్కి ఆపుకోవాలని ఉంటుంది."

నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. అయినా పట్టు వదల్లేదు. "అయితే ఆయన్నేం చేద్దాం?" అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

*

లైసెన్సు పరీక్ష మొదటి సారికే పాసయ్యాను. ఇన్స్‌పెక్టరు నా పక్కన కూర్చుని ఫైలు చూసుకుంటూ, ఒక్కసారి కూడా తల ఎత్తకుండా సంతకం పెట్టేశాడు. ఇంటికొచ్చి చెబితే మామయ్య, "తల ఎత్తలేదా? వెధవ, నా దగ్గరే నేర్చుకున్నాడు," అని మండిపడ్డారు. ఇక నిదానంగా నేర్చుకోవడానికేమీ మిగల్లేదు.

యార్డు వాడు బండి చూసి ధర కట్టడానికి శనివారం రమ్మన్నాడు. శుక్రవారం నేను బండిని షెడ్డుకి తీసుకెళ్ళాను. నడిపేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమంటోంది, అలాగే తీసుకెళ్తే ధర తగ్గిస్తాడని భయం. మామయ్య కూడా వచ్చారు గానీ, షెడ్డు పక్కన టీ కొట్టు దగ్గర పాత శిష్యుడొకడు దొరికితే అక్కడే ఆగిపోయారు.

మెకానిక్కుని అందరూ గ్రీజన్నా అంటారు. అతనూ మాస్టారి శిష్యుడే. బండిని జాకీ మీద లేపి, కింద దూరి, టార్చి వేసి చూస్తూ మాట్లాడుతున్నాడు.

"ప్యాడ్లు అరిగాయమ్మా. మార్చేస్తాను. డ్రైవరు పెడల్ ఒక్కటి బిగిస్తే చాలు, మాస్టారిది ఎలాగూ డమ్మీయేగా."

"ఏది డమ్మీ?"

టార్చి కదలడం ఆగిపోయింది. నేను వంగి చూశాను. గ్రీజన్న కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు, కనపడకపోతే నేను వెళ్ళిపోతాననుకున్నట్టు.

"అన్నా, ఏది డమ్మీ?"

"మీకు తెలుసనుకున్నానమ్మా," అంటూ బయటికి జరిగాడు. చేతులు గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. "పక్క బ్రేకుకి కేబుల్ లేదు. నాలుగేళ్ళవుతోంది. మాస్టారే వచ్చి తీయించారు. ఎవరికైనా చెప్తే షెడ్డు మొహం చూడనన్నారు."

"ఎందుకు?"

"ఒకరోజు మీవారు నడుపుతుంటే రోడ్డు మీద చెట్టు నీడ పడిందట. మాస్టారికి గుంటలా కనిపించి తొక్కేశారు. వెనక వస్తున్న లారీ జానెడు దూరంలో ఆగిందట. మర్నాడే వచ్చారు. నా కళ్ళు చెప్పేది నా కాలు నమ్ముతోందిరా, ఆ కాలు పిల్లల ప్రాణాల మీద ఉండకూడదు, తీసెయ్ అన్నారు. తీసేశాను. పెడల్ మాత్రం వదిలెయ్యమన్నారు."

పక్కనున్న టైరు మీద కూర్చున్నాను. ముందు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, టీ కొట్టు దగ్గరికెళ్ళి అందరి ముందూ కడిగేద్దామనుకున్నాను. నిన్నగాక మొన్న స్టీరింగ్ పట్టుకున్నదాన్ని, ఉత్త ఇనప ముక్క చూపించి, వానలో సంత మధ్యలోంచి తోలించారా! ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. పదహారు, పంతొమ్మిది, పది, నాలుగు. అన్నిసార్లూ బండి ఆగింది. మరి ఆపింది ఎవరు?

*

తిరిగొచ్చేటప్పుడు వాన మొదలైంది. పాత గోడౌన్ల రోడ్డులో ఎవరూ ఉండరు, అక్కడ పక్కకి తీసి ఆపాను.

"ఎందుకాపావు?" అన్నారు మామయ్య.

"మామయ్యా, బ్రేకు లేదుగా."

ఆయన నాకేసి చూడలేదు. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ తిరుగుతుంటే వాటినే చూశారు. "ఉంది," అన్నారు కాసేపటికి. "నీ కాలి కింద."

"నేను గుద్దేసి ఉంటే?"

ఆయన హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి ఎత్తి చూపించారు. "ఇది నా చేతిలోనే ఉంది. మొదటి వారం రోజూ లాగాల్సొస్తుందనే అనుకున్నా. ఒక్కసారీ అవసరం రాలేదు. నేను టక్ అనిపించేలోపే నువ్వు తొక్కేదానివి."

"నేనా?"

"నువ్వే. మావాడూ అంతే. నా కాలు లేస్తే వాడి కాలు పడుతుంది. నాలుగేళ్ళ నుంచి వాడే ఆపుకుంటున్నాడు, నేను ఆపుతున్నాననుకుంటున్నాడు." పెదవి చివర నవ్వు లాంటిది వచ్చి పోయింది.

"మరి ఎందుకు తొక్కుతారు?"

నేను ఇంజను ఆపేశాను. వాన చప్పుడు పెద్దదైంది.

"తొక్కడం మానేస్తే మీకు తెలిసిపోతుంది," అన్నారు. "తెలిస్తే నన్ను వెనక సీట్లో కూర్చోబెడతారు. నలభై ఏళ్ళు ముందు కూర్చున్నాను అమ్మాయ్. వెనక కూర్చున్నవాడితో ఎవరికేం పని?"

షెడ్డులో వచ్చిన కోపం ఎటు పోయిందో నాకే తెలీలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆయన చూడకుండా అద్దం తుడుస్తున్నట్టు తుడుచుకున్నాను. "నేనెవరికీ చెప్పను," అన్నాను. "ఈ బండి మనకే ఉంటుంది. పెట్రోలు సంగతి నేను చూసుకుంటా. సోమవారం నుంచి ప్రమోషన్ వస్తోందిగా."

ఆయన తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. "పోనియ్," అన్నారు. "చీకటి పడుతోంది."

ఆ రోజు ఇంటిదాకా ఆయన కాలు ఒక్కసారీ లేవలేదు. చౌరస్తా దగ్గర ఒక ఆటో సిగ్నలు లేకుండా తిరిగినా లేవలేదు. నేను ఆపాను, మళ్ళీ కదిలించాను. ఇంట్లో అడుగు పెట్టగానే మావారు అలవాటుగా, "ఇవాళ ఎన్ని?" అన్నారు.

"సున్నా," అన్నారు మామయ్య నా కంటే ముందు. చెప్పులు విప్పి, చొక్కా దులుపుకుని, నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. "రేపు యార్డుకి పొద్దున్నే వెళ్దాం. ఆలస్యమైతే వాడు ధర తగ్గిస్తాడు."

మావారు నాకేసి చూశారు. నేను గోడకేసి చూశాను. అత్తయ్య మాత్రం మామయ్యకేసి చూసి, ఏమీ అడక్కుండా ఆయన తడి తువ్వాలు తీసుకెళ్ళి ఆరేసింది.

*

యార్డుకి నలుగురం వెళ్ళాం. ధర కట్టే కుర్రాడు మెడలో ట్యాగు వేసుకుని, చేతిలో అట్ట పట్టుకుని బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తలుపులు వేసి తీశాడు. సీట్ల కింద వాసన చూశాడు. చివరికి పక్క సీట్లో కూర్చుని కాలితో టక్ టక్ మని నొక్కాడు.

"సార్, ఇది పనిచెయ్యట్లేదు," అన్నాడు.

మావారికి ఒళ్ళు మండిపోయింది. "పనిచెయ్యకపోవడమేంటయ్యా? ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నా! మొన్న కూడా మా నాన్న తొక్కితే టక్కుమని ఆగింది. ధర తగ్గించడానికి ఏదో ఒక వంక..."

"సార్, కిందకి చూడండి. కేబులే లేదు."

మావారు కింద మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. తల బయటికి తీసి నన్ను చూశారు. మళ్ళీ లోపల చూశారు. మామయ్య యార్డు రేకుల కప్పుకేసి చాలా ఆసక్తిగా చూస్తున్నారు. నేను పక్కనున్న ఏదో కారు ధర చదువుతున్నట్టు నిలబడ్డాను.

"ఎప్పట్నుంచి?" అన్నారు మావారు.

"నాలుగేళ్ళు," అన్నారు మామయ్య కప్పుకేసి చూస్తూనే.

"నీకు తెలుసా అమ్మా?"

"నాకెవరూ చెప్పలేదు," అంది అత్తయ్య. "పెళ్ళైనప్పట్నుంచీ ఆ కాలి కింద చప్పుడు వింటున్నాను. ఒకరోజు చప్పుడు మారింది. మారితే తెలీదా?"

మావారు ప్యాంటు మోకాళ్ళు దులుపుకుంటూ లేచారు. ఆయన లోపల నాలుగేళ్ళ చౌరస్తాలన్నీ ఒక్కొక్కటిగా తిరుగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది, ముందు రోజు టైరు మీద కూర్చుని నేనూ అదే పని చేశాను కదా. ఆఖరికి ఆయన గొంతు సవరించుకుని, ఆ కుర్రాడి వైపు తిరిగి, "అయితే మా నాన్న నేర్పిన డ్రైవింగు నాకు బాగానే వచ్చిందన్నమాట," అన్నారు.

"సార్?" అన్నాడు కుర్రాడు.

"ఏం లేదు. నువ్వు ధర చెప్పు."

మామయ్య కప్పు మీద నుంచి చూపు దించి కొడుకుని చూశారు. దగ్గరికొచ్చి, భుజం మీద అంటిన మట్టి చేత్తో తట్టి దులిపారు. అంత మట్టి లేదక్కడ.

కాగితాల మీద సంతకాలయ్యేసరికి పదకొండైంది. కొత్తగా మాదైన బండి బూడిద రంగుది, అగ్గిపెట్టె అంత. తలుపు వేస్తే పెద్ద బండిలా దబ్బుమనలేదు, క్లిక్‌మంది. తాళం ఎవరికివ్వాలో తెలియక కుర్రాడు మావారికి చాపితే, మావారు దాన్ని నా చేతిలో పెట్టారు. "సోమవారం నుంచి ఐదింటికి ముందే ఎలాగూ నువ్వే తీయాలి."

మామయ్య ముందు తలుపు దగ్గరికి నడిచారు. హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. మేం ముగ్గురం ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయాం. ఆయన ఆ చెయ్యి అలాగే ఉంచి, అద్దంలోంచి లోపలికి చూసి, చెయ్యి తీసి, వెనక్కి నడిచి, అత్తయ్య ఎక్కబోతున్న వైపు కాకుండా రెండో వైపు తలుపు తీసుకుని కూర్చున్నారు. మోకాళ్ళు ముందు సీటుకి తగులుతుంటే కాస్త సర్దుకున్నారు.

"నువ్వు ముందు కూర్చోరా," అన్నారు మావారితో. "నేను మీ అమ్మ పక్కన కూర్చుంటాను."

నేను అద్దం సరిచేసుకుని, క్లచ్చి మెల్లగా వదిలాను. యార్డు గేటు దాటి పెద్ద రోడ్డెక్కాం. వాన వెలిసి రోడ్డు తడిగా మెరుస్తోంది. నా చెవులు రెండూ వెనకే ఉన్నాయి. ఇప్పుడేమంటారో, ఇక ఏమీ అనరేమో అని.

రెండో మలుపు దగ్గర వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"ఇదేంటి, ఇక్కడ ఇంత పెద్ద స్కూలుందా?"

"ఎనిమిదేళ్ళయింది కట్టి," అంది అత్తయ్య.

"ఎనిమిదేళ్ళా? రోజూ ఇదే దారేగా!"

"మీరెప్పుడైనా పక్కకి చూస్తేగా. ఇటు చూడండి, ఆ నీలం గేటు ఇల్లు. ఆవిడ డాబా నిండా గులాబీ కుండీలు పెట్టింది. వానలకి ఎంత పూశాయో చూడండి."

"ఏదీ? ఎక్కడ?"

"అటు కాదు, నా వైపు. వంగండి."

అద్దంలో చూశాను. ఆయన అత్తయ్య వైపుకి వంగి, ఆవిడ భుజం మీదుగా మెడ సాచి చూస్తున్నారు. ఎదురుగా రోడ్డు మీద ఏం వస్తోందో ఆయనకి పట్టలేదు. అత్తయ్య వేలు అద్దానికి ఆనించి ఒక్కొక్కటీ చూపిస్తోంది. బడ్డీ కొట్టు పెట్టిన చెప్పులు కుట్టేవాడు, రెండంతస్తులు లేచిన పాత పోస్టాఫీసు, తలుపుకి పచ్చ రంగు వేసిన బార్బరు షాపు. ప్రతిదానికీ ఆయన "ఆఁ?" అంటున్నారు, ప్రతిదానికీ ఆవిడ ఏళ్ళు చెబుతోంది.

మా ఇంటి వైపు తిరిగే చౌరస్తా వచ్చింది. ఇండికేటరు వేశాను.

"అమ్మాయ్," అన్నారు మామయ్య వెనక నుంచి. "అప్పుడే ఇంటికెందుకు? ఆ చెరుకు మిల్లు వైపు నుంచి చుట్టూ తిప్పి తీసుకెళ్ళు. అక్కడ ఏవో కొత్తవి లేచాయంటోంది మీ అత్తయ్య."

"నాన్నా, పెట్రోలు!" అన్నారు మావారు.

నేను ఇండికేటరు మార్చి, ఎదురుగా వచ్చే బస్సుని పోనిచ్చి, మిల్లు రోడ్డు వైపు తిప్పాను.